మా మామ మీటే రంపం

మొన్నొక పొద్దున నేను వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానేసి పిండుతుంటే, ముందుగదిలో ‘ఫట్’మని ఒక శబ్దం, వెంటనే మా అబ్బాయి ఖాజా విసుక్కోవడం వినిపించాయి. వాడు ఎమ్మిగనూరులో మా ఇంటి ముందుగదినే దుకాణం చేసుకుని, గుమ్మాలకు తగిలించే పేర్ల పలకలు, దేవుడి గూళ్ళకు పెట్టే చెక్క జాలీలు కోసి అమ్ముతుంటాడు. చాలాకాలం చేతిరంపంతో తంటాలు పడి, ఈమధ్యే కరెంటుతో నడిచే సన్నరంపం మిషను తెప్పించుకున్నాడు. దానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి ఉంటాయి. రెండింటి మధ్యా దారమంత బ్లేడు నిలువుగా బిగించి ఉంటుంది. స్విచ్చి వేస్తే కుట్టుమిషను సూదిలా పైకీ కిందికీ ఆడుతుంది. చెక్కను దాని చుట్టూ తిప్పుకుంటూ పోతే ఏ ఒంపు కావాలంటే ఆ ఒంపు కోస్తుంది. మిషను వచ్చిన రోజు వాడి మొహం చూసి నాకూ సంతోషమైంది. వారం తిరగకముందే వాడి ఓపిక అంతా తెగిన బ్లేడు ముక్కల పాలైంది.

“సూడమ్మా, ఇది గూడా పాయ. బ్లేడ్లే నకిలీవేమో” అన్నాడు ఖాజా. తడిచేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. బ్లేడును బిగించే పై పట్టుకు ఆనుకునే తెగింది. కొత్తది ఎక్కించమన్నాను. వాడు ఎక్కించి, మీట తిప్పి బిగించాక, నేను చూపుడువేలి గోటితో బ్లేడును మీటాను. దోమ చెవి పక్కనుంచి పోయినట్టు మోగింది. “బిగువు ఎక్కువైంది నాయనా, కొంచెం వదులు సెయ్” అన్నాను. “వీడియోలో ఆయప్ప ఇదే నంబరు మీద పెట్టమన్నాడే!” అంటూనే వాడు వదులు చేశాడు. నేను మళ్ళీ మీటాను. ఇంకాస్త వదులు చేయించి మళ్ళీ మీటాను. స్టీలు గ్లాసుకు చెంచా తగిలినట్టు నిండుగా మోగినప్పుడు “ఇంగ సాలు” అన్నాను. ఆ తరవాత వాడు కోసినంతసేపూ బ్లేడు తెగలేదు. “నీకెట్ల తెలుసమ్మా ఇది?” అని అడిగాడు. “మీ అబ్బది ఇట్లాంటి మిషనే ఉండె” అన్నాను. “అబ్బ నీకు నేర్పినాడా? మామ కోడలికి రంపం నేర్పినాడంటే నమ్మమంటావా?” అని నవ్వాడు. నేర్పలేదని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. ఆ పూట ఉగ్గానిలో ఉప్పు వేయడం మరిచిపోయాను.

వాడు తన అబ్బను చూడలేదు. అంటే వాళ్ళ నాయన నాయన, మా మామ హుసేనప్ప. మా ఆయన దస్తగిరి బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఆ మిషను ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తితే ఆయన అన్నం దగ్గర్నుంచి లేచిపోయేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు చెప్పినా నొచ్చుకునే మనిషి లేడు. చెప్పకుండా నేను కూడా పోతే, ఆదోనిలో కోట కింద సందులో అట్లాంటి మనిషి ఒకడు ఉండేవాడని మా ఇంట్లోనే ఎవరికీ తెలియకుండా పోతుంది. అందుకే రాస్తున్నాను.

మేము దూదేకులవాళ్ళం. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట తెలుగు. పెద్దవాళ్ళ కాలంలో మా మగవాళ్ళు మనిషెత్తు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పరుపులకూ బొంతలకూ దూది ఏకేవారు. విల్లుకు కట్టిన నారిని దూదిలో పెట్టి కొయ్య సుత్తితో కొడితే, ఆ అదురుకు దూది పింజలు పింజలుగా విడిపోతుంది. నారి వదులైతే దూది విడదు. మరీ బిగువైతే నారి తెగి మొహానికి కొడుతుంది. అందుకని పని మొదలుపెట్టే ముందు నారిని గోటితో మీటి, చెవి ఒగ్గి వినేవారు. మా మామ వయసులో ఉన్నప్పుడు కోడుమూరు నుంచి హొళగుంద దాకా ఆ విల్లుతోనే తిరిగాడట. దూది ఏకే మిషన్లు వచ్చాక విల్లు అటకెక్కింది. ఆయన ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో చేరి, పత్తిలోంచి గింజను వేరుచేసే యంత్రాల మధ్య నిలబడి ఏళ్ళకేళ్ళు గడిపాడు. ఆ మిల్లు మూతపడ్డాక, ఒక వడ్రంగి దగ్గర చెక్క జాలీ పని నేర్చుకుని, పాత కుట్టుమిషను స్టాండు తెచ్చి, దాని మీద టేకుతో చేతులు అమర్చి, కాలితో తొక్కే సన్నరంపం సొంతంగా చేసుకున్నాడు. దాని బ్లేడు బిగువు చూడటానికి ఆయనకు ఏ గుర్తూ అక్కర్లేదు. విల్లు నారిని మీటినట్టే బ్లేడును మీటేవాడు. మిగతా జాలీ పనివాళ్ళు బ్లేడును వేలితో పక్కకు నొక్కి, ఎంత ఒంగుతుందో చూసి సరిపెట్టుకునేవారు. మా మామకు అది పని చేతకానివాళ్ళ పద్ధతి. “నొక్కి సూసేదానికి అదేమన్నా మామిడిపండా?” అనేవాడని మా అత్త చెప్పి నవ్వేది.

నేను ఎమ్మిగనూరు పిల్లను. మగ్గాల మధ్య పుట్టి పెరిగాను. మా పక్కిళ్ళలో తెల్లారకముందే మగ్గాలు మొదలయ్యేవి. ఏ ఇంట్లో పోగు తెగి మగ్గం ఆగిందో మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చునే చెప్పేది. నాకూ ఆ చెవే వచ్చింది. పదో తరగతి అయ్యాక ఆదోనికి కోడలిగా వెళ్ళినప్పుడు, మొదట్లో ఆ ఇంట్లో నాకు ధైర్యం ఇచ్చింది ఆ రంపం చప్పుడొక్కటే. వంటింటికీ పనిగదికీ మధ్య తలుపు ఉండేది కాదు, పాత చీర ఒకటి తెరగా కట్టి ఉండేది. పొద్దున నేను జొన్నరొట్టె తట్టడానికి కూర్చునే వేళకు మామ వచ్చేవాడు. తలకు టవలు చుట్టుకుని, కొత్త బ్లేడు కొసలను ఉప్పు కాగితంతో రుద్దేవాడు. కొత్త బ్లేడుకు నూనె ఉంటుంది, అది తుడవకపోతే పట్టులోంచి జారుతుంది. తరవాత మైనం ముక్క ఒకసారి తాకించి, పైనా కిందా పట్టుల్లో బిగించి, వెనకనున్న మర తిప్పేవాడు. తిప్పి మీటేవాడు, మళ్ళీ కాస్త తిప్పి మీటేవాడు. ఆ మోత కుదిరిందంటే నేను టీకి నీళ్ళు పెట్టాలని గుర్తు. కాసేపటికి టేకు పొట్టు వాసన తెరలోంచి వచ్చి, రొట్టె కాలే వాసనలో కలిసేది. శుక్రవారం అయితే అత్త వేసే సాంబ్రాణి పొగ కూడా తోడయ్యేది. ఇప్పటికీ కొత్త చెక్క వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మామ ఎదుట కోడలు కూర్చోకూడదు, గొంతెత్తి మాట్లాడకూడదు. కోడలే కాదు, ఇంటి పెద్ద ముందు కొడుకైనా మెల్లగానే మాట్లాడాలి. టీ గ్లాసు తెర పక్కన పెట్టి, గాజులు కాస్త కదిలించి లోపలికి వచ్చేయడమే నాకు తెలిసిన మర్యాద. ఏదన్నా చెప్పాల్సి వస్తే అత్తకు చెబితే అత్త ఆయనకు చెప్పేది. అత్త ఆయనతో మాట్లాడే ముందు ఎప్పుడూ ఆయన భుజం మీద చెయ్యి వేసేది. ఆయన తల తిప్పి ఆమె మొహంలోకి చూసేవాడు. అప్పుడామె మాట్లాడేది. ఇంత వయసులోనూ ఎంత ముద్దుగా ఉన్నారో అనుకునేదాన్ని. మా ఆయనా నేనూ కూడా ముసలివాళ్ళమయ్యాక అట్లాగే ఉండాలని మనసులో కోరుకునేదాన్ని కూడా.

నేను వెళ్ళిన రెండో ఏడాదేమో, బ్లేడ్లు తెగడం మొదలైంది. ఎప్పుడో ఒకటి తెగడం మామూలే. అరిగితే తెగుతుంది, చెక్కను తొందరపడి తోస్తే తెగుతుంది. అట్లా తెగినది నడుమన తెగుతుంది. ఇవి అట్లా కాదు, కొత్తవి కొత్తవే, కాసేపు నడవగానే పై పట్టు దగ్గర పుటుక్కుమనేవి. మామ ఆ నేరమంతా బ్లేడ్ల మీద వేశాడు. బ్లేడ్లు తెచ్చేది మా ఆయన కాబట్టి కాస్త ఆయన మీద కూడా వేశాడు. మా ఆయన బజారులో కొనడం మానేసి బళ్ళారి పోయి తెచ్చాడు, అవీ తెగాయి. హుబ్బళ్ళి పోయేవాళ్ళతో చెప్పి తెప్పించాడు, అవీ అంతే. చెక్కలో జిగురు ఉందేమోనని చెక్కను ఎండకు పెట్టారు. మర అరిగిందేమోనని మర మార్చారు. మైనం మానేసి కొబ్బరినూనె రాస్తే పట్టులోంచి బ్లేడు జారి ఇంకో తలనొప్పి తయారైంది. చివరికి మా అత్త ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి మిషనుకు దిష్టి తీసింది. మిరపకాయల ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంటే, నాకు తెర వెనక నవ్వాగలేదు. ఆ తరవాత అట్లా నవ్వుకున్న రోజులు ఆ ఇంట్లో పెద్దగా లేవు.

నాకు మాత్రం తెర ఇవతల వేరే సంగతి వినబడుతూ ఉండేది. మామ బ్లేడును మీటే మోత మారిపోతోంది. నేను వచ్చిన కొత్తలో నిండుగా మోగేది. రానురాను సన్నబడింది. ఆయన మర తిప్పి మీటేవాడు. నాకు అక్కడ సరిపోయిందనిపించి టీకి నీళ్ళు పెట్టేదాన్ని. ఆయన ఇంకా తిప్పేవాడు, ఇంకా మీటేవాడు. నీళ్ళు మరిగి ఇంకిపోయేవి గానీ ఆయన మర వదిలేవాడు కాదు. ఎందుకు ఇంతింత బిగిస్తున్నాడో అర్థమయ్యేది కాదు. ఒకరోజు తెర ఓరగా ఉంది. ఆయన కోస్తూ ఉన్నాడు, నేను రొట్టె తిప్పుతూ అటు చూశాను. బ్లేడు ఫట్‌మని తెగింది. ఆ చప్పుడుకు పొయ్యి దగ్గరున్న నేను ఉలిక్కిపడ్డాను. మామ మాత్రం తొక్కుతూనే ఉన్నాడు. లేని బ్లేడు మీదికి చెక్కను జాగ్రత్తగా తిప్పుతూ, తల ఒంచుకుని, ఒంపు కోస్తున్నట్టే కోస్తూ పోయాడు. కాసేపటికి చెక్క ఎటు తోస్తే అటు పోతుండటం చూసి ఆగాడు. తెగిన ముక్కను ఏరుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. రొట్టె మాడిపోయింది.

ఆ మధ్యాహ్నం బోకులు కడుగుతూ అత్తకు చెప్పాను. “అత్తా, మామకు సెవులు వినపడతాండ్లేదు. బ్లేడు మోత తెలీక ఊరికే బిగిస్తాండాడు” అన్నాను. అత్త ఆశ్చర్యపోలేదు. చేతిలోని చెంబును ఇంకాసేపు తోమి, “తెలుసులేమ్మా. ఆ సెవులను మిల్లు తినింది. లావు గొంతైతే కొంచెం వినపడతాది, సన్న సప్పుడు ఒక్కటీ అందదు. నీ పెండ్లికి ముందే మొదలాయ, ఇప్పుడు బాగా ముదిరె” అంది. మరి కొడుకుకు ఎందుకు చెప్పలేదని అడిగాను. “సెప్తే వాడు ఆ మిషను తాకనిస్తాడా? కూసోని తినమంటాడు. ఆయప్ప కూసోని తినే మనిషేనా? మూడు దినాలు బతకడు. నువ్వు విన్న మాట ఈడనే మింగెయ్” అంది. అప్పుడు ఆ భుజం మీద చెయ్యి ఎందుకో నాకు తెలిసింది. ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడే మర్యాద ఉండటం వల్ల ఆయన చెవుడు ఎవరికీ పట్టుబడలేదు. మేము ఏదో గొణుగుతాం, ఆయన పెద్దరికంగా తల ఊపుతాడు. ఇన్నేళ్ళూ అట్లాగే జరిగిపోయింది.

ఆ రోజుల్లోనే హొళగుంద వైపు ఊరినుంచి రుద్రప్ప అనే రైతు వచ్చాడు. వాళ్ళ ఊరి పీర్ల సావిడికి కొత్త తలుపులు పెడుతున్నారు. తలుపు మీద గాలి ఆడటానికి చెక్క జాలీ కావాలి. విల్లు పట్టుకుని తిరిగిన కాలంలో మా మామ ఆ సావిడి అరుగు మీదే పడుకునేవాడట. ఆ ఊరి పీరుకు మొక్కు కూడా ఉంది. కాబట్టి జాలీ తానే కోసిస్తానని, పీర్ల పండగ లోపల ఎక్కించుకోవచ్చని మాట ఇచ్చాడు. ఒకే టేకు పలక, దాని నిండా తీగలు, పూలు, నడుమన అరచెయ్యి. అట్లాంటి పనిలో కష్టం కోతలో కాదు. లోపలి ప్రతి రంధ్రానికీ బ్లేడును ఒకవైపు విప్పాలి, చెక్కలో తొలిచిన చిన్న బెజ్జంలోంచి దూర్చాలి, మళ్ళీ పట్టులో పెట్టి బిగించాలి. పువ్వుకు ఎన్ని రేకులుంటే అన్నిసార్లు విప్పడం, బిగించడం, మీటడం. వినబడని మనిషికి ఇది ఎంత నరకమో ఆలోచించండి. ఒక రేకుకు మరీ బిగించి బ్లేడు తెంపేవాడు. భయపడి తరవాతి రేకుకు వదులుగా పెడితే బ్లేడు ఒంగి, గీత తప్పి, అంచు ఏటవాలుగా వచ్చేది. సగం పలక అయ్యేసరికి ఆయన చెంపలు పీక్కుపోయాయి.

పని ఎంతదాకా వచ్చిందో చూసుకోవడానికి రుద్రప్ప మళ్ళీ వచ్చిన రోజు, మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నాడు. రుద్రప్ప పలకను చూసి, “యజమానా, ఈ కడ పువ్వు వంకర వచ్చిందే. పండగకు అయితాదా లేదా?” అని అడిగాడు. మామ పలక మీద పొట్టు ఊదుకుంటున్నాడు, పలకలేదు. రుద్రప్ప మళ్ళీ అడిగాడు. మామ తల ఎత్తి, వేరే ఏదో అడిగాడనుకుని, “ఆ, టేకే. మంచి టేకు” అన్నాడు. రుద్రప్ప మా ఆయన మొహం చూశాడు. మా ఆయన అప్పటికే బ్లేడ్ల కోసం ఊళ్ళు తిరిగి, నకిలీవి తెచ్చానని మాటలు పడి విసిగిపోయి ఉన్నాడు. అత్త దాచినా ఆయనకూ ఏదో అనుమానం తగిలినట్టుంది. తన చెవి మీద వేలు పెట్టి చూపిస్తూ, “మా నాయనకు సెవులు పోయినాయన్నా. బ్లేడ్లు తెగేది గూడా దాంతోనే. నాతో సెప్పు” అన్నాడు. చెడ్డ మనసుతో అన్న మాట కాదది. అలిసిపోయి అన్నాడు. కానీ మామ ఆ వేలును చూశాడు. ఆ మాట ఆయనకు వినబడకపోయినా అందింది. కాలు తొక్కుడు మీదనుంచి తీసేశాడు. టవలు విప్పి మిషను మీద కప్పాడు. లేచి పోయి వెనక వాకిట్లో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ తరవాత ఎన్ని రోజులో, ఇంట్లో రంపం చప్పుడు లేదు. నాకు పొద్దున టీకి ఎప్పుడు నీళ్ళు పెట్టాలో తెలిసేది కాదు. మామ అన్నం కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు. మా ఆయన రెండుసార్లు దగ్గరికి పోయి “నాయనా” అన్నాడు. ఆయన మొహం తిప్పలేదు. మా ఆయన ఆ పలకను బళ్ళారిలో ఇంకొకరికి ఇచ్చి పూర్తి చేయిస్తానన్నాడు. ఆ మాట విని అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఆ పలక ఇంగొకని సేతికి పోతే ఈ మనిషి నాకు దక్కడు. నాకా మోత కూత తెలీదు, నువ్వు విన్నదానివి. పోయి ఎదురుగా కూసో” అంది. “మామ ఎదుట కూసునేదెట్లా అత్తా?” అన్నాను. “మర్యాద సంగతి నేను సూసుకుంటాలే, నువ్వు పో” అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆమె గొంతులోనే తెలిసింది.

టీ గ్లాసు పట్టుకుని తెర దాటి వెళ్ళాను. అత్త అప్పటికే ఆయన్ను భుజం పట్టుకుని పనిగదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. నేను గ్లాసు కింద పెట్టి, మిషను మీది టవలు తీసి, ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చుని, తల ఎత్తి ఆయన మొహంలోకి చూశాను. ఆ ఇంటికి వచ్చాక ఆయన కళ్ళు ఏ రంగులో ఉంటాయో చూడటం అదే మొదటిసారి. పిల్లి కళ్ళు, తేనె రంగు. నేను బ్లేడును మీటాను, సన్నగా అరిచింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, వేలితో వదులు చేయమన్నట్టు సైగ చేశాను. ఆయన కదల్లేదు. నన్ను కొడతాడేమో, లేచిపోతాడేమో అనుకున్నాను. చాలాసేపటికి చెయ్యి వెనక్కి పోయి మరను పట్టుకుంది. కాస్త వదులు చేశాడు. మీటాను, ఇంకా అన్నట్టు సైగ చేశాను. ఇంకాస్త వదిలాడు. నిండు మోత వచ్చినప్పుడు తల నిలువుగా ఊపాను. ఆయన నా మొహం చూసి మర వదిలేశాడు. తొక్కుడు మీద కాలు పెట్టాడు. ఆ రేకు మొత్తం తెగకుండా కోశాడు.

అప్పటినుంచి పలక పూర్తయ్యేదాకా అదే పని. వంట అత్త చేసింది. నేను రంపం ముందు కూర్చున్నాను. ఆయన బ్లేడు దూర్చి బిగించి మీటడం, నా మొహం చూడటం, నేను తల ఊపడం. పక్కింటి సుంకమ్మ గోడ మీదినుంచి చూసి, “ఏం కాలమొచ్చె, కోడలు మామకు ఎదురుగా మఠమేసుకోని కూసునింది” అని సందంతా చెప్పుకుంది. అత్త గడపలో నిలబడి, “నీ ఇంట్లో కోడలు నీ మొగం సూసేదానికే ల్యాదు, నువ్వు మా ఇంటి సంగతి సెప్పొచ్చినావా?” అని గట్టిగా తిట్టింది. నాకు భయంతోపాటు గర్వంగా కూడా ఉండేది. మా ఆయన మాత్రం ఆ రోజుల్లో పనిగదిలోకి అడుగుపెట్టలేదు. తండ్రి పని చేస్తున్నందుకు సంతోషపడాలో, తనకు దక్కని చోటు భార్యకు దక్కినందుకు బాధపడాలో తెలియక, బయటే తిరిగేవాడు. అన్న మాట వెనక్కి తీసుకోవాలనే ఆయన మనసులో ఉంది. కానీ క్షమించమని చెప్పాలన్నా అరిచి చెప్పాలి. తండ్రి ముందు గొంతెత్తడం ఆయనకు చేతకాలేదు. మెల్లగా చెబితే ఆయనకు అందదు. ఆ ఇద్దరూ ఆ తరవాత మూడునాలుగేళ్ళు ఒకే కప్పు కింద బతికి, ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండానే విడిపోయారు. మామను మట్టి చేసి వచ్చిన రోజు మా ఆయన ఆ మిషనును విప్పి, స్టాండును పాత ఇనుముకు వేసేశాడు. దాని మాట మళ్ళీ ఎత్తొద్దన్నాడు.

మొన్న ఖాజాకు ఇదంతా సగం సగం చెప్పాను. వాడు బండి మీద హొళగుంద వైపు పనికి పోయినప్పుడు ఆ ఊళ్ళో ఆగి వచ్చాడు. సావిడిని పడగొట్టి సిమెంటుతో కట్టారట, టైల్సు పరిచారట, తలుపు పైన అల్యూమినియం కిటికీ పెట్టారట. పాత జాలీ ఏమైందని అడిగితే ఎవరికీ తెలియలేదు. పొయ్యిలోకి పోయిందేమో, ఎవరి గొడ్ల కొట్టంలో ఉందేమో. నేను పెద్దగా బాధపడలేదని చెప్పాను గానీ అది అబద్ధం. ఇప్పటి మిషన్లు మంచివి, కాదనను. బిగువుకు నంబర్లున్నాయి, ఎదుటి మనిషి తల ఊపనక్కర్లేదు. ఖాజా చెవుల్లో పాటలు పెట్టుకుని తన పాటికి తాను కోసుకుంటాడు. మేము ఇంట్లో గట్టిగానే మాట్లాడుకుంటాం, ఎవరి ముందూ గొంతు తగ్గించుకునే పని లేదు. అప్పటి మర్యాదలు మళ్ళీ రావాలని నేను కోరుకోను. ఆ మర్యాదలే ఒక తండ్రీకొడుకులను మింగాయి. అయినా కళ్ళెత్తి నా మొహం చూసి, అందులో జవాబు దొరికిందని నమ్మి పని మొదలుపెట్టిన మనిషి నాకు మళ్ళీ ఎదురుకాలేదు. అట్లాంటి చూపు కోసం ఈ వయసులో కూడా నాకు దుఃఖం వస్తుంది.

చివరి రోజు సంగతి ఖాజాకు చెప్పలేదు. నడుమనున్న అరచేతిలో చిటికెన వేలు ఒక్కటే మిగిలింది. దాన్ని కోసేశాక మామ కాలు ఆపి, పలకను ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూశాడు. నేల మీదా, నా ఒళ్ళోనూ పూల నీడలు పడ్డాయి. అత్త నీళ్ళకు పోయింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆయన పలకను గోడకు ఆనించి, నా వైపు తిరిగి, తన గొంతు తనకు వినబడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో అన్నాడు: “నువ్వు ఈ ఇంటికొచ్చినప్పటినుంచి నీ గొంతు నేను వినలేదు తల్లీ. గుట్టు గల పిల్లనుకున్నా. ఇప్పుడు ఎవురూ ల్యారు. ఒకసారి నన్ను పిలువు, ఎట్లుంటాదో సూస్తా.” నేను ‘మామా’ అని పిలుద్దామని నోరు తెరిచాను. ఏడుపు అడ్డం పడింది. పెదవులు ఆడాయి గానీ గొంతులోంచి ఏ శబ్దమూ రాలేదు. ఆయన నా పెదవుల వైపే కళ్ళార్పకుండా చూసి, మెల్లగా తల ఊపి, “బాగుంది తల్లీ. మంచి గొంతు” అన్నాడు.